విదేశీ విపత్తు లోపలి పేజీకి ఎందుకు వెళుతుంది?

సంక్షిప్తంగా: వేలమందిని బలిగొన్న భూకంపమో వరదో మరో ఖండంలో సంభవించిన రోజున కూడా పతాక శీర్షికలో సొంత దేశపు రాజకీయాలే కనిపించడం పాఠకులను తరచూ విస్మయపరుస్తుంది. దీనికి వార్తా సంస్థల హృదయరాహిత్యం కన్నా వార్త తయారయ్యే పద్ధతే పెద్ద కారణం. రాజకీయ వార్త ముందే తెలిసిన వేళకు, తక్కువ ఖర్చుతో, మర్నాటి కొనసాగింపుతో సహా అందుతుంది. విదేశీ విపత్తుకు ఈ సౌకర్యాలేవీ ఉండవు. కాబట్టి మృతుల సంఖ్య కన్నా అది ఏ రోజున జరిగింది, ఎక్కడ జరిగింది, స్వదేశంతో దానికి ఏ లంకె ఉంది అన్నవే దాని స్థానాన్ని తేలుస్తాయి. సహాయ నిధులు కూడా చాలావరకు ఆ స్థానం వెంటే నడుస్తాయి.

2019 మార్చిలో ఒక వారం

2019 మార్చి 14 రాత్రి ఇదాయ్ తుపాను మొజాంబిక్ దేశంలోని బెయిరా ఓడరేవు నగరం దగ్గర తీరం దాటింది. సుమారు ఐదు లక్షల మంది ఉండే ఆ నగరానికి కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి, బయటి ప్రాంతాలతో కలిపే రహదారి తెగిపోయింది. ఆ వెంటనే బూజీ, పుంగ్వే నదులు పొంగి మైళ్ల కొద్దీ నేలను నీటిలో ముంచేశాయి. పొరుగున ఉన్న జింబాబ్వే, మలావీ కూడా దెబ్బతిన్నాయి. మార్చి 18న దేశాధ్యక్షుడు ఫిలిపే న్యూసీ హెలికాప్టర్‌లో తిరిగి చూసి, మృతులు వెయ్యి దాటవచ్చని ప్రకటించే వరకు అధికారిక లెక్క వందలోపే ఉంది. చివరకు మూడు దేశాల్లో కలిపి వెయ్యిమందికి పైగా మరణించినట్టు తేలింది.

అదే వారం బ్రిటన్‌లో ఏం జరుగుతోందో దీనితో పోల్చి చూస్తే పోటీ ఎలాంటిదో అర్థమవుతుంది. మార్చి 12న బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ వైదొలగడం) ఒప్పందం పార్లమెంటులో రెండోసారి, 149 ఓట్ల తేడాతో వీగిపోయింది. 13న ఒప్పందం లేకుండా వైదొలగరాదని సభ తీర్మానించింది. తుపాను తీరం దాటిన 14ననే గడువు పొడిగింపుపై ఓటింగ్ జరిగింది. న్యూసీ ప్రకటన వెలువడిన 18న, అదే ఒప్పందాన్ని మార్పు లేకుండా మూడోసారి సభ ముందుకు తేవడం కుదరదని స్పీకర్ తేల్చిచెప్పారు. 20న ప్రధాని థెరెసా మే గడువు పొడిగించమని యూరోపియన్ యూనియన్‌కు లేఖ రాశారు. అప్పటికి అసలు గడువైన మార్చి 29కి తొమ్మిది రోజులే మిగిలాయి. అమెరికాలో 2016 ఎన్నికల్లో రష్యా జోక్యంపై రాబర్ట్ ముల్లర్ జరిపిన దర్యాప్తు నివేదిక కోసం ఎదురుచూపులు పతాక స్థాయిలో ఉన్నాయి; అది 22న అందింది. భారతదేశంలో మార్చి 10న లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వెలువడింది.

ఈ రాజకీయ ఘటనల్లో చాలావాటికి తేదీ, వేళ, వేదిక ముందే తెలుసు. ఓటింగ్ ఎన్ని గంటలకో, తర్వాత ఎవరు ఎక్కడ నిలబడి మాట్లాడతారో తెలిసినప్పుడు కెమెరాలు ముందే అక్కడ ఉంటాయి, విశ్లేషకులు స్టూడియోలో సిద్ధంగా కూర్చుంటారు, పేజీలో చోటు ఉదయమే ఖాళీగా పెట్టబడుతుంది. బెయిరా పరిస్థితి దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ విపత్తు ఎంత తీవ్రంగా ఉందో, సమాచారం అంత తక్కువగా బయటికి వచ్చింది. తుపాను తాజా వార్తగా ఉన్న తొలి నాలుగు రోజుల్లో చూపడానికి దృశ్యాలు లేవు, చెప్పడానికి సంఖ్య లేదు. ఆ రెండూ వచ్చేసరికి ఘటన నాలుగు రోజుల పాతబడింది.

విదేశీ వార్త అయినందువల్లే ఇదాయ్ వెనకబడిందనడం కూడా సరికాదు. తీరం దాటిన మర్నాడే, మార్చి 15న, న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదులపై కాల్పులు జరిగాయి. ఆ వార్త గంటల్లో ప్రపంచమంతటా తొలి స్థానానికి చేరింది. అక్కడ ఫోన్లు పనిచేస్తున్నాయి, పోలీసులు గంటకోసారి వివరాలు ఇస్తున్నారు, ఏం జరిగిందన్న విషయంలో సందేహం లేదు. పైగా దాని వెనక ఉన్న భావజాలంపై ప్రతి దేశంలోనూ సొంత చర్చ ఉంది.

ముందే ఖరారైన చోటు

వార్తా సంస్థ అంటే జరిగినవాటన్నిటినీ గమనించి, వాటిలో ముఖ్యమైనవాటిని ఏరి చూపే యంత్రాంగమని సాధారణంగా అనుకుంటారు. ఆచరణలో అది ఎక్కడ మనుషులను పెట్టుకుందో అక్కడి వార్తలనే ఎక్కువగా చూడగలదు. చట్టసభ, మంత్రిత్వ శాఖలు, పార్టీ కార్యాలయాలు, కోర్టులు, ఎన్నికల సంఘం ఇలా ఒక్కోదానికి ఒక బీట్, ఒక్కో బీట్‌కు ఒక విలేకరి ఉంటారు. ఆ విలేకరి రోజూ ఏదో ఒకటి రాయాలి. రాయకపోతే ఆ బీట్ ఎందుకన్న ప్రశ్న వస్తుంది. అందువల్ల పెద్ద విశేషం లేని రోజున కూడా రాజకీయ వార్తలు, వాటిని దిద్ది పేజీలో పెట్టే డెస్కుకు పుష్కలంగా చేరతాయి. ఒక నాయకుడి వ్యాఖ్య, దానికి ఎదుటి పక్షం ఖండన, ఖండనపై వివరణ: సాయంత్రానికి మూడు వార్తలు సిద్ధం.

అంతర్జాతీయ పేజీకి పరిస్థితి వేరు. అత్యధిక సంస్థల్లో ఆ పేజీ రాయిటర్స్, ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్), ఏఎఫ్‌పీ వంటి వార్తా ఏజెన్సీలు పంపే కాపీపై, అంటే రాసి పంపిన వార్తలపై, నడుస్తుంది. దాన్ని కుదించి, భాష మార్చి, శీర్షిక పెట్టే ఒకరిద్దరు సబ్ ఎడిటర్లే ఆ విభాగంలో ఉంటారు. ఉదయపు సమావేశంలో రాజకీయ వార్త తరఫున వాదించడానికి దాన్ని తెచ్చిన విలేకరి, ఆ బ్యూరో చీఫ్ ఉంటారు. మొజాంబిక్ తరఫున ఆ గదిలో వాదించేవారు సాధారణంగా ఉండరు.

ఖర్చు మరో సంగతి. తెగిపోయిన రోడ్ల మీదుగా ఒక బృందాన్ని పంపాలంటే విమాన టికెట్లు, వీసాలు, శాటిలైట్ ఫోన్, స్థానిక దుభాషి, బీమా అన్నీ కావాలి. నలుగురిని స్టూడియోకు పిలిచి రాజకీయ చర్చ పెట్టడానికి వీటిలో ఏదీ అక్కర్లేదు. ప్రకటనల ఆదాయం తగ్గిన కాలంలో సంస్థలు మొదట కోత పెట్టింది కూడా విదేశీ కార్యాలయాల్లోనే. అమెరికా దినపత్రిక బోస్టన్ గ్లోబ్ జెరూసలేం, బెర్లిన్, బొగోటాలలో తనకు మిగిలిన మూడు విదేశీ బ్యూరోలను మూసివేస్తున్నట్టు 2007లో ప్రకటించింది. ఆ దారిలో నడిచిన పత్రికలు అనేకం.

అన్నిటికన్నా తక్కువగా చర్చకు వచ్చేది, బహుశా అన్నిటికన్నా బలంగా పనిచేసేది, తప్పు పోయినప్పుడు ఎవరిని నిలదీస్తారన్న లెక్క. పోటీ పత్రికలో వచ్చిన రాజకీయ వార్త తమ పత్రికలో లేకపోతే మర్నాడు ఉదయం సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. ఆ వార్తలో ఉన్న నాయకులు ఫోన్ చేస్తారు, పాఠకులు పక్షపాతం అంటారు, యాజమాన్యం అడుగుతుంది. దూరదేశపు వరదను సింగిల్ కాలమ్‌కు కుదిస్తే అడిగేవారు లేరు. పోటీ పత్రిక కూడా అదే చేసి ఉంటుంది. ఒక వైపు తప్పుకు శిక్ష ఖాయం, మరో వైపు తప్పే కనిపించదు. ఇలాంటి చోట పనిచేసే ఏ ఎడిటరైనా, వ్యక్తిగతంగా ఎంత సహృదయుడైనా, ఏ వైపు మొగ్గుతారో చెప్పడం కష్టం కాదు.

వెబ్‌సైట్లలో ఏ వార్తను ఎంతమంది చదువుతున్నారో నిమిష నిమిషానికి చూపే తెరలు వచ్చాక ఈ మొగ్గు గట్టిపడింది. విదేశీ విపత్తులపై పాఠకులకు ఆసక్తి లేదనడానికి ఆ అంకెలనే రుజువుగా చూపుతుంటారు. కానీ హోమ్‌పేజీలో కింది వరసలో, ఒక చిన్న ఫొటోతో పెట్టిన వార్తకు క్లిక్కులు తక్కువ రావడంలో వింతేముంది? ఆ అంకె పాఠకుల ఆసక్తిని ఎంత చెబుతుందో, సంస్థ ఇచ్చిన స్థానాన్నీ అంతే చెబుతుంది.

పరిశోధనలు తేల్చినవి

ఈ ధోరణిని పరిశోధకులు ఆరు దశాబ్దాలుగా కొలుస్తూనే ఉన్నారు. 1965లో నార్వేకు చెందిన యోహాన్ గాల్టుంగ్, మారి హోల్మ్‌బో రూగె తమ దేశంలోని నాలుగు పత్రికలు కాంగో, క్యూబా, సైప్రస్ సంక్షోభాలను ఎలా రాశాయో పరిశీలించి, ఒక ఘటన వార్త కావడానికి దోహదం చేసే పన్నెండు లక్షణాలను గుర్తించారు. వాటిలో సాంస్కృతిక సామీప్యం, స్పష్టత, అగ్రరాజ్యాలతో లేదా ప్రముఖులతో సంబంధం, ఇప్పటికే నడుస్తున్న కథకు కొనసాగింపు కావడం ఉన్నాయి. ఘటన వేగం పత్రిక ప్రచురణ వేగంతో కలవడం కూడా ఒకటి. ఒక్క రోజులో మొదలై ముగిసేది దినపత్రికలో సులభంగా ఇముడుతుంది. నెలల తరబడి సాగేది ఏ ఒక్క రోజూ వార్త కాదు.

1986లో విలియం ఆడమ్స్ అమెరికా టీవీ నెట్‌వర్క్‌లు 1972 నుంచి 1985 వరకు జరిగిన 35 పెద్ద ప్రకృతి విపత్తులకు ఇచ్చిన సమయాన్ని లెక్కగట్టారు. ప్రసార సమయంలోని తేడాల్లో విపత్తు తీవ్రత వల్ల వచ్చింది పదో వంతు కూడా లేదని తేలింది. అమెరికన్ పర్యాటకులు ఎక్కువగా వెళ్లే దేశమా కాదా అన్నదాన్ని బట్టి ఆ సమయాన్ని అంతకన్నా బాగా అంచనా వేయవచ్చని తేలింది. ఆయన లెక్కలో పశ్చిమ యూరప్‌లో ఒక మరణానికి దక్కిన సమయం తూర్పు యూరప్‌లో మూడు, లాటిన్ అమెరికాలో తొమ్మిది, మధ్యప్రాచ్యంలో పదకొండు, ఆసియాలో పన్నెండు మరణాలకు సమానం.

ఈ విషయంలో అందరూ ఎక్కువగా ఉటంకించేది థామస్ ఐసెన్సే, డేవిడ్ స్ట్రోమ్‌బెర్గ్ అనే ఆర్థికవేత్తలు 2007లో ప్రచురించిన అధ్యయనం. 1968 నుంచి 2002 వరకు ప్రపంచంలో జరిగిన సుమారు 5,000 ప్రకృతి విపత్తులను తీసుకుని, అవి అమెరికా టీవీ వార్తల్లో వచ్చాయా, అమెరికా ప్రభుత్వం సహాయం అందించిందా అని చూశారు. కవరేజీ వల్ల సహాయం వచ్చిందా, లేక సహాయం చేయదగినంత పెద్ద విపత్తు గనకనే కవరేజీ కూడా వచ్చిందా అన్నది విడదీయడం ఇలాంటి పరిశోధనల్లో చిక్కుముడి. దానికి వారు ఎంచుకున్న ఉపాయం తెలివైనది. ఒలింపిక్ క్రీడలు జరుగుతున్న రోజుల్లోనూ, ఇతర పెద్ద వార్తలు బులెటిన్లను ఆక్రమించిన రోజుల్లోనూ వచ్చిన విపత్తులను మిగతావాటితో పోల్చారు. ఒలింపిక్స్ తేదీకి, భూకంపం బాధితుల అవసరానికి ఎలాంటి సంబంధమూ లేదు. అయినా ఆ రోజుల్లో వచ్చిన విపత్తులకు కవరేజీ తగ్గింది, దానితో పాటు సహాయం అందే అవకాశమూ తగ్గింది.

అదే అధ్యయనంలో విపత్తు రకాన్ని బట్టి ఉన్న తేడా ఇంకా తీవ్రం. అగ్నిపర్వతం పేలి ఒకరు మరణిస్తే వార్త కావడానికి ఎంత అవకాశం ఉందో, ఆహార కొరత విషయంలో అంతే అవకాశం రావాలంటే దాదాపు 40,000 మంది మరణించాలి. నిప్పులు చిమ్మే కొండకు తీయడానికి దృశ్యం ఉంది, ఆకలికి లేదు.

అరగంట నిడివి గల అమెరికన్ సాయంత్రపు బులెటిన్‌లో ప్రకటనలు పోగా మిగిలేది సుమారు 22 నిమిషాలు. ఆ 22 నిమిషాల్లో ఎన్నికల ప్రచారానికి, అభిశంసన విచారణకు పోయిన నిమిషం మళ్లీ ఇంకొకరికి రాదు. ఇరవై నాలుగు గంటల చానెళ్లు వచ్చాక స్థలాభావం తీరిపోతుందని ఒకప్పుడు భావించారు. తీరా అవి వచ్చాక పెరిగిన సమయంలో ఎక్కువ భాగం అవే నాలుగైదు అంశాల చర్వితచర్వణానికి పోయింది.

స్వదేశీ ముద్ర పడితేనే

ఇంత వడపోతలోనూ కొన్ని విదేశీ విపత్తులు వారాల తరబడి మొదటి స్థానంలో నిలుస్తాయి. వాటిని పరిశీలిస్తే, చాలావరకు అవి ఏదో ఒక దారిలో స్వదేశీ వార్తలుగా మారినవేనని అర్థమవుతుంది.

2004 డిసెంబర్ 26న హిందూ మహాసముద్రంలో వచ్చిన సునామీ పద్నాలుగు దేశాల్లో సుమారు 2,30,000 మందిని బలిగొంది. ఆ మృతుల్లో థాయిలాండ్ తీరాల్లో సెలవులు గడుపుతున్న యూరోపియన్లు కూడా ఉన్నారు. ఒక్క స్వీడన్ దేశస్థులే 543 మంది. పర్యాటకుల చేతుల్లో ఉన్న వీడియో కెమెరాలు అల రావడాన్ని చిత్రించాయి. పైగా అవి క్రిస్మస్ సెలవులు. పాశ్చాత్య దేశాల పార్లమెంట్లు మూతబడి, రాజకీయ వార్తల ప్రవాహం ఏడాదిలోకెల్లా సన్నగిల్లే రోజులు. పది నెలల లోపే, 2005 అక్టోబర్ 8న, పాకిస్థాన్ ఆధీనంలోని కశ్మీర్‌ను కుదిపేసిన భూకంపంలో 73,000 మందికి పైగా మరణించారు. కొండదారులు మూసుకుపోయిన ఆ ప్రాంతంలో విదేశీ పర్యాటకులు లేరు, అలల దృశ్యాల వంటివీ లేవు.

2023 ఫిబ్రవరి 6న తుర్కియే, సిరియాల సరిహద్దులో వచ్చిన భూకంపం ఈ తేడాను ఒకే ఘటనలో చూపింది. తుర్కియేకు అనేక దేశాల సహాయక బృందాలు తరలివెళ్లాయి. ఏ దేశపు బృందం వెళితే ఆ దేశపు విలేకరులు దాని వెంట వెళ్లారు, తమ జవాన్లు శిథిలాల నుంచి ఒక చిన్నారిని వెలికితీయడం తమ దేశంలో పతాక వార్త అయింది. అదే ప్రకంపనలకు కూలిన వాయవ్య సిరియాకు తొలి రోజుల్లో ఐక్యరాజ్యసమితి అనుమతించిన సరిహద్దు మార్గం బాబ్ అల్ హవా ఒక్కటే. బృందాలు వెళ్లలేని చోటికి కెమెరాలూ వెళ్లలేదు.

సామీప్యం అతిగా పనిచేసిన సందర్భమూ ఉంది. 2015 ఏప్రిల్ 25న నేపాల్ భూకంపంలో దాదాపు 9,000 మంది మరణించినప్పుడు భారతీయ టీవీ చానెళ్లు పెద్ద సంఖ్యలో ఖాట్మండు చేరాయి. భారత సైన్యం చేపట్టిన ఆపరేషన్ మైత్రి చుట్టూ కథనాలు నడిచాయి. కొద్ది రోజులకే భారత మీడియా ఇంటికి వెళ్లిపోవాలంటూ నేపాలీలు ట్విటర్‌లో పెట్టిన హ్యాష్‌ట్యాగ్ ట్రెండ్ అయింది. బాధితుల ముఖం మీద మైకు పెట్టడం ఒక ఫిర్యాదైతే, తమ విషాదాన్ని పొరుగు ప్రభుత్వ ప్రచారానికి వేదిక చేశారన్నది మరో ఫిర్యాదు. కవరేజీ దండిగానే ఉంది. కథానాయకుడు మాత్రం నేపాల్ కాదు.

ఇదాయ్ తుపానులోనూ ఇలాంటి లంకె భారత్‌కు ఉంది. బెయిరాకు మొదట చేరుకున్న విదేశీ సహాయం భారత నౌకాదళానికి చెందిన సుజాత, శార్దూల్ నౌకలు, తీర రక్షక దళానికి చెందిన సారథి తెచ్చినదే. ఎన్నికల షెడ్యూలు వెలువడిన వారంలో కాకపోతే అది ఇంకెంత పెద్ద కథనమై ఉండేదో.

రెండో రోజు సమస్య

ఏ విపత్తుకైనా మొదటి రోజు వార్త ఒకేలా ఉంటుంది: ఏం జరిగింది, ఎంతమంది పోయారు. అసలు తేడా రెండో రోజు మొదలవుతుంది. స్వదేశంలో విపత్తు జరిగితే రెండో రోజుకే అది రాజకీయ వార్తగా మారుతుంది. హెచ్చరికలు ఎందుకు చేరలేదు, గట్లు ఎందుకు తెగాయి, టెండరు ఎవరికి ఇచ్చారు, మంత్రి ఎప్పుడు వచ్చారు? 2005 ఆగస్టులో కత్రినా తుపాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచాక అమెరికాలో జరిగింది ఇదే. ఆ కథ నెలల తరబడి నడవడానికి కారణం గాలివాన కాదు, జవాబుదారీ.

విదేశీ విపత్తుకు రెండో రోజు మృతుల సంఖ్య పెరగడం తప్ప కొత్త వార్త దొరకదు. జవాబు చెప్పవలసినవారు అక్కడా ఉంటారు, కానీ వారి పేర్లు ఇక్కడి పాఠకులకు తెలియవు. 2023 సెప్టెంబర్ 10-11 రాత్రి లిబియాలోని దెర్నా నగరానికి ఎగువన 1970లలో కట్టిన రెండు ఆనకట్టలు డేనియల్ తుపానుకు తెగి వేలమందిని సముద్రంలోకి ఊడ్చేశాయి. నిర్వహణ లోపం గురించి ముందే హెచ్చరికలున్నాయి. దేశంలో రెండు ప్రభుత్వాలు పోటీగా నడుస్తున్నాయి. చివరకు 2024 జూలైలో అక్కడి న్యాయస్థానం 12 మంది అధికారులకు జైలు శిక్షలు వేసింది. కథకు కావలసిన దినుసులన్నీ ఇందులో ఉన్నాయి. స్వదేశంలో అయితే ఒక ప్రభుత్వం పడిపోవడానికి చాలినంత వ్యవహారం ఇది.

ప్రభుత్వమే విలేకరులకు తలుపులు మూసిన చోట మొదటి రోజు వార్తకే దిక్కుండదు. 2008 మే 2న నర్గీస్ తుపాను మయన్మార్‌లో దాదాపు 1,38,000 మందిని పొట్టన పెట్టుకుంది. సైనిక ప్రభుత్వం విదేశీ సహాయ సిబ్బందిని, విలేకరులను అడ్డుకుంటూనే, ఎనిమిది రోజుల తర్వాత దేశంలోని అధిక భాగంలో రాజ్యాంగంపై రెఫరెండం నిర్వహించింది. మే 12న చైనాలోని సిచువాన్‌లో పెద్ద భూకంపం వచ్చింది. అక్కడికి విలేకరులను అసాధారణమైన స్వేచ్ఛతో వెళ్లనిచ్చారు. కెమెరాలు అటు తిరిగాయి. ఒక విపత్తును మరో విపత్తు పక్కకు నెట్టడం కూడా ఇలాగే జరుగుతుంది. అఫ్గానిస్థాన్‌లోని హెరాత్ ప్రాంతంలో వెయ్యికి పైగా ప్రాణాలు తీసిన భూకంపాల్లో మొదటిది వచ్చింది 2023 అక్టోబర్ 7న. ఇజ్రాయెల్‌పై హమాస్ దాడి జరిగింది ఆ ఉదయమే.

తేదీ లేని విపత్తులు

కరువు, ఆకలి, దీర్ఘకాలిక అంతర్యుద్ధం వంటివాటికి ఈ పోటీలో అసలు ప్రవేశమే కష్టం. కేర్ ఇంటర్నేషనల్ అనే సహాయ సంస్థ మీడియాకు అతి తక్కువగా పట్టిన పది మానవతా సంక్షోభాల జాబితాను ఏటా ప్రకటిస్తుంది. 2022 సంవత్సరపు జాబితాలోని పదీ ఆఫ్రికా ఖండానివే.

మినహాయింపుగా అందరికీ గుర్తొచ్చేది 1984 నాటి ఇథియోపియా. కరువు హెచ్చరికలు నెలల ముందు నుంచే ఉన్నా, అక్టోబర్ 23న బీబీసీ విలేకరి మైకేల్ బ్యూర్క్, కెమెరామన్ మొహమ్మద్ అమీన్ కోరెమ్ శిబిరం నుంచి పంపిన కథనం ప్రసారమయ్యే వరకు ప్రపంచం పట్టించుకోలేదు. అదే రోజు అమెరికాలో ఎన్‌బీసీ టీవీ నెట్‌వర్క్ ఆ దృశ్యాలను చూపింది. అక్కడి అధ్యక్ష ఎన్నికలకు అప్పటికి రెండు వారాలే ఉంది. అంటే రాజకీయాల రద్దీలోకి విదేశీ విపత్తు చొచ్చుకురావడం అసాధ్యమేమీ కాదు. కాకపోతే దానికి అలాంటి దృశ్యం కావాలి. అలాంటి దృశ్యం దొరికేసరికి ఆపదగిన మరణాలు చాలా జరిగిపోయి ఉంటాయి.

సరఫరా వైపు నుంచి ఈ అసమానతను సరిదిద్దే ప్రయత్నం ఒకప్పుడు జరిగింది. యుగోస్లావియా ఏజెన్సీ తాన్‌యుగ్ చొరవతో 1975లో అలీన దేశాల వార్తా ఏజెన్సీల సమాఖ్య మొదలైంది. వార్తా ప్రవాహం సంపన్న దేశాల నుంచి పేద దేశాలకు ఏకముఖంగా ఉందని యునెస్కో నియమించిన మెక్‌బ్రైడ్ కమిషన్ కూడా 1980లో చెప్పింది. కానీ ఆ సమాఖ్య ద్వారా వచ్చిన కాపీలో అధిక భాగం ఆయా ప్రభుత్వ ఏజెన్సీలు పంపే మంత్రుల ప్రసంగాలు, ప్రారంభోత్సవాలేనన్న విమర్శను అది ఎదుర్కొంది. విదేశీ వార్తలను బలపరచడానికి పుట్టిన వ్యవస్థను కూడా చివరకు దేశీయ రాజకీయాలే నింపాయి.

ప్రాధాన్యం సమంజసమేనా?

దేశీయ రాజకీయాలకు మొదటి చోటు ఇవ్వడానికి బలమైన కారణాలున్నాయి. పాఠకుడికి ఓటు ఉన్నది తన దేశంలోనే. పన్నులు, చట్టాలు, ఉద్యోగాలు, పిల్లల చదువు అక్కడి నిర్ణయాలపైనే ఆధారపడి ఉంటాయి. తన ప్రభుత్వాన్ని ప్రశ్నించే పని ఆ దేశపు మీడియా చేయకపోతే బయటివారెవరూ చేయరు. దూరదేశపు విపత్తును మాత్రం ఏజెన్సీలు ఎలాగూ నమోదు చేస్తాయి. బ్రెగ్జిట్ ఓటింగ్‌ను బ్రిటిష్ పత్రిక లోపలి పేజీలో వేయాలని ఎవరూ కోరరు.

అయితే ఈ వాదన రాజకీయాల పేరుతో వచ్చే ప్రతిదాన్నీ సమర్థించదు. ఒక బిల్లులో ఏముందో వివరించే కథనానికి, ఒక నాయకుడు మరొకరిని ఏమన్నాడో చెప్పే కథనానికి మధ్య చాలా దూరం ఉంది. మొదటిది పౌరుడి అవసరం. రెండోది ప్రధానంగా డెస్కు అవసరం: ఖర్చు లేకుండా వస్తుంది, తప్పు పోయే ప్రమాదం తక్కువ, రేపటికి కొనసాగింపు ఖాయం. విదేశీ విపత్తులను లోపలి పేజీకి నెట్టేది ఎక్కువసార్లు ఈ రెండో రకమే.

నిధుల దాకా

ఈ ఎంపికల ప్రభావం పాఠకుల అవగాహనతో ఆగదు. 2004 సునామీ సహాయ చర్యలపై అనేక సంస్థలు కలిసి జరిపి 2006లో వెలువరించిన మూల్యాంకనం ప్రకారం బాధితులకు తలా 7,100 డాలర్లకు పైగా సమకూరింది; అదే 2004లో బంగ్లాదేశ్ వరద బాధితులకు ఖర్చయింది తలా మూడు డాలర్లు. సునామీ తర్వాత కొద్ది రోజులకే, ఆ పనికి తమకు చాలినంత డబ్బు వచ్చిందని, ఇక పంపవద్దని డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే వైద్య సహాయ సంస్థ దాతలకు విజ్ఞప్తి చేయవలసి వచ్చింది.

ఈ ఊగిసలాటను కొంతైనా తగ్గించేందుకు ఐక్యరాజ్యసమితి 2006లో కేంద్ర అత్యవసర సహాయ నిధిని ప్రారంభించింది. హఠాత్తుగా వచ్చే విపత్తులకు ఒక వాటా, ఎవరూ పట్టించుకోక నిధులు చాలని సంక్షోభాలకు మరో వాటా అందులో ఉంటాయి. యూరోపియన్ కమిషన్ తన మానవతా సహాయాన్ని కేటాయించేటప్పుడు విస్మృత సంక్షోభాలను గుర్తించే ప్రత్యేక అంచనా వేస్తుంది. మీడియా కవరేజీ ఎంత తక్కువగా ఉందన్నది అందులో ఒక కొలమానం. ఇవి మీడియాను మార్చేవి కావు, మీడియా చూపు పడని చోటికి డబ్బు చేర్చే పక్కదారులు. ఐక్యరాజ్యసమితి నిధికి ఏటా 100 కోట్ల డాలర్లు సమకూర్చాలని 2016లో సర్వప్రతినిధి సభ లక్ష్యం పెట్టుకున్నా, తర్వాతి ఏళ్లలో వచ్చినవి దానికి తక్కువే. ఇచ్చేవి ప్రభుత్వాలు, వాటి బడ్జెట్లు తేలేది దేశీయ రాజకీయాల్లో.

2025 మార్చి 28న మయన్మార్‌లో 7.7 తీవ్రతతో వచ్చిన భూకంపంలో 3,600 మందికి పైగా చనిపోయారు. తొలి గంటల్లో ప్రపంచం చూసిన దృశ్యాల్లో ఎక్కువ భాగం మయన్మార్‌వి కావు. విలేకరులు, కెమెరాలు పుష్కలంగా ఉన్న బ్యాంకాక్‌లో నిర్మాణంలో ఉండగానే కూలిన బహుళ అంతస్తుల భవనానివి. అదే రోజు వాషింగ్టన్‌లో అమెరికా విదేశాంగ శాఖ, తమ అంతర్జాతీయ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్‌ను రద్దు చేయబోతున్నట్టు కాంగ్రెస్‌కు తెలియజేసింది. భూకంప ప్రాంతానికి ఆ సంస్థ పంపిన ముగ్గురు ఉద్యోగులకు, అక్కడ ఉండగానే, ఉద్యోగాలు పోయినట్టు సమాచారం అందింది. సహాయంలో అమెరికా వెనకబడిందా, వెనకబడటం సబబేనా అన్న వాదోపవాదాలు వాషింగ్టన్‌లో మొదలయ్యాక, మయన్మార్‌లోని మాండలే నగర శిథిలాలు ఆ రాజకీయ వార్తలో ఒక పేరాగా అమెరికన్ పాఠకులకు చేరాయి.